స్వరలిపి గుర్తుల చరిత్ర: రాతి చెక్కడం నుంచి కంప్యూటర్ దాకా

(ఉత్తర తెలంగాణ పాటల నేపథ్యంలో ఒక పరిశీలన)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• స్వరలిపి గుర్తులు ఏ అవసరం నుంచి పుట్టాయో వివరించగలుగుతారు.
• రాయి, సీసపు అచ్చు, కంప్యూటర్ అనే మూడు దశల్లో కొత్త గుర్తును తయారు చేసే అధికారం ఎవరి చేతుల్లో ఉండేదో పోల్చి చెప్పగలుగుతారు.
• కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల సంగీతాన్ని రాయడానికి సొంత గుర్తులు ఎందుకు అవసరమో చర్చించగలుగుతారు.

1. పరిచయం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల విద్యార్థులకు పాటను పరిచయం చేయనక్కర లేదు. మల్లన్న కథలో మోగే ఒగ్గు డోలును, దీపావళి రోజుల్లో గుస్సాడీల అడుగులకు తోడయ్యే వాద్యాలను, పెళ్లికీ చావుకూ జాతరకూ మోగే డప్పును మీరు పుస్తకాల్లో చదువుకోలేదు, వింటూ పెరిగారు. ఈ పాటల మాటలు కొంతవరకు అచ్చులోకి వచ్చాయి. 1950లలో బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయాలపై చేసిన పరిశోధన ఆ పనికి గట్టి పునాది వేసింది. అయితే మాట వచ్చినంత సులువుగా బాణీ కాగితం మీదికి రాలేదు. మాటకు అక్షరాలు ఉన్నాయి. బాణీని రాయాలంటే అక్షరాలతో పాటు గుర్తులు కావాలి.

ఈ పాఠంలో మూడు ప్రశ్నలు వేసుకుందాం. సంగీతానికి గుర్తును ఎవరు తయారు చేస్తారు? అందుకు ఎంత శ్రమ, ఎంత ఖర్చు? గుర్తు లేకపోతే పాటలో ఏది పోతుంది? మూడో ప్రశ్నకు జవాబు తెలిస్తేనే మొదటి రెండింటి విలువ అర్థమవుతుంది.

2. అక్షరమే గుర్తు అయిన కాలం

స్వరలిపి అంటే స్వరాలను, వాటి కాలప్రమాణాన్ని, పలికే తీరును రాసి చూపే పద్ధతి. దక్షిణ భారతంలో దీనికి పేరుపొందిన పాత ఆధారం తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా కుడుమియాన్‌మలై శాసనం. క్రీ.శ. 7వ శతాబ్దానికి చెందిన ఈ శాసనంలో సప్తస్వరాల అక్షరాలకు అ, ఇ, ఉ, ఎ అనే అచ్చులు చేర్చి రాశారు. అంటే స, సి, సు, సె అన్నట్టుగా. రాతి మీద చెక్కేవాడు కొత్త ఆకారం కనిపెట్టలేదు. తనకు తెలిసిన లిపిలోని గుణింతాన్నే సంగీతానికి వాడుకున్నాడు. 72 మేళకర్తల పద్ధతిలో ర, రి, రు. గ, గి, గు అని స్వరభేదాలను పలకడంలోనూ ఇదే ఉపాయం కనిపిస్తుంది.

రెండో ఉపాయం అక్షరానికి పైనా కిందా గీత పెట్టడం. ఇది మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ. పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో ఉన్న మంథని వేదపఠనానికి పేరున్న ఊరు. కృష్ణ యజుర్వేద పాఠాన్ని స్వరయుక్తంగా అచ్చు వేసిన పుస్తకాన్ని ఒకసారి తెరచి చూడండి. అనుదాత్తానికి అక్షరం కింద అడ్డగీత, స్వరితానికి అక్షరం పైన నిలువుగీత ఉంటాయి. ఉదాత్తానికి గుర్తే లేదు. గుర్తు లేకపోవడమే దాని గుర్తు. గురుముఖంగా నేర్చినవాడికి ఈ గీతలు జ్ఞాపకానికి ఆసరా మాత్రమే. నేర్చుకోనివాడికి అవి ఎలా పలకాలో పూర్తిగా చెప్పలేవు.

ఇక్కడ ఒక సూత్రం గమనించాలి. గుర్తు ధ్వనిని మోయదు. ధ్వని తెలిసినవాడికి దాన్ని గుర్తు చేస్తుంది. తెలిసినవారు ఉన్నంత కాలం చిన్న గీత సరిపోతుంది. వారు తగ్గిపోతున్నప్పుడు గుర్తుతో పాటు వివరణ కూడా కావాలి.

3. సీసపు అచ్చు: ఎట్టయపురం, 1904

తెలుగు లిపిలో స్వరలిపికి మహా ప్రయత్నం తెలుగు నేలకు దూరంగా జరిగింది. ఇప్పటి తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో ఉన్న ఎట్టయపురం సంస్థానం పాలకులు తెలుగు మూలాలున్నవారు. ఆ ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు (1839–1906) రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో అక్కడి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో తెలుగు లిపిలో అచ్చయింది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా స్వరాలతో సహా నిలిచి ఉండటానికి ఈ గ్రంథమే ప్రధాన ఆధారం.

ఈ పనికి ప్రోత్సాహం ఇచ్చినవారిలో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ ముఖ్యుడు. ఆయన అంతకుముందే, 1893 నాటికి, ‘ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్’ అనే పేరుతో మన కృతులను ఐరోపావారి అయిదు గీతల పద్ధతిలో ప్రచురించాడు. దాంతో రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, ప్రపంచమంతా చదివే గుర్తుల్లోకి మన పాటను మార్చడం. రెండోది, మన పాటకు సరిపడే గుర్తులను మనమే చేసుకోవడం. దీక్షితులు రెండో దారి పట్టాడు.

ఆయన గుర్తులను చూడండి. కాలానికి తెలుగు లిపిలోని హ్రస్వ దీర్ఘాలే చాలు: ‘స’ అంటే ఒక అక్షరకాలం, ‘సా’ అంటే రెండు. తారస్థాయికి పైన చుక్క, మంద్రస్థాయికి కింద చుక్క. గమకాలకు మాత్రం వేరే ఆకారాలు కావలసి వచ్చాయి. కంపితానికి అలలాంటి గీత, స్ఫురితానికి పైన ఒకటి కింద రెండుగా మూడు చుక్కలు, ప్రత్యాహతానికి అవే తలకిందులుగా, ఏఱ్ఱజారుకు పైకి వాలిన గీత, ఇఱక్కజారుకు కిందికి వాలిన గీత. నొక్కు, రవ, ఒదుక్కల్, ఒరికై వంటి వాటికి కూడా విడివిడి గుర్తులు నిర్ణయించి, వాటి అర్థాన్ని గ్రంథంలోనే వివరించాడు.

సీసపు అచ్చులో ప్రతి గుర్తుకూ ఒక అచ్చు ముక్క కావాలి. ఆ ముక్క పోతపోయడానికి ముందు ఉక్కు మీద ఆకారం చెక్కాలి, దానితో అచ్చుగుంట చెయ్యాలి. తరువాత కంపోజిటర్ స్వరాక్షరం మీద ఆ గుర్తు సరిగ్గా కూర్చునేలా పేర్చాలి. మామూలు పుస్తకంలో లేని ఈ శ్రమకు ఓర్పూ డబ్బూ రెండూ కావాలి. సంస్థానం అండ, సొంత ముద్రణశాల ఉన్నాయి కాబట్టే దీక్షితుల గమకాలకు గుర్తులు దొరికాయి. అదే కాలంలో మల్లన్న కథ చెప్పే ఒగ్గువారికీ, గోండుల వంశగాథలు పాడే ప్రధానులకూ అలాంటి అండ లేదు. వారి సంగీతంలో సూక్ష్మత లేక కాదు; వారి గుర్తు పోతపోయించే రాజు లేక.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) కుడుమియాన్‌మలై శాసనంలో స్వరభేదాలను చూపడానికి వాడిన ఉపాయం ఏది?
(ఆ) దీక్షితులు కాలప్రమాణానికి కొత్త గుర్తులు చేయవలసిన అవసరం ఎందుకు రాలేదు?

4. పాఠ్యరూప స్వరముద్రణ: గుర్తు అర్థం వేరు, ఆకారం వేరు

ఐరోపాలో స్వరపత్రాలను లోహపు పలక మీద చెక్కి అచ్చు వేసేవారు. అందుకే ఈనాటికీ స్వరముద్రణను వారు చెక్కడం అనే అర్థం వచ్చే ఎన్‌గ్రేవింగ్ అనే మాటతోనే పిలుస్తారు. ఆ చెక్కడం ఇప్పుడు కంప్యూటర్‌కు వచ్చింది.

దీనికి దారి వేసినవాడు వృత్తిరీత్యా సంగీతజ్ఞుడు కాదు, కంప్యూటర్ శాస్త్ర గ్రంథం రాస్తున్న డొనాల్డ్ క్నూత్. తన పుస్తకం కొత్త ముద్రణ అందంగా రాలేదని నొచ్చుకుని ఆయన 1970ల చివర్లో టెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్‌ను, దానికి తోడుగా మెటాఫాంట్‌ను తయారు చేశాడు. టెక్‌లో పుటను బొమ్మలా గీయరు; ఏది శీర్షిక, ఏది సూత్రం అని మామూలు పాఠంగా రాస్తారు. మెటాఫాంట్‌లో అక్షరపు ఒంపును కూడా సమీకరణాలుగా రాస్తారు. 1990లలో మ్యూజిక్‌టెక్, మ్యూజిక్స్‌టెక్ అనే వ్యవస్థలు ఇదే మార్గంలో స్వరాలను అచ్చు వేశాయి. వాటి అనుభవం నుంచి 1996లో నెదర్లాండ్స్‌కు చెందిన హన్-వెన్ నీన్‌హైస్, యాన్ నీవెన్‌హైజెన్ అనే ఇద్దరు లిలీపాండ్ రచన ప్రారంభించారు. ఇది ఉచితం, దాని మూలపాఠాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు.

లిలీపాండ్‌లో స్వరాల పేర్లు మొదట డచ్చి భాషా సంప్రదాయంలో ఉంటాయి. ఏ పనిముట్టయినా దాన్ని చేసినవారి చెవినీ భాషనూ వెంట తెచ్చుకుంటుందనడానికి ఇదొక నిదర్శనం. అయితే ఆ పేర్లు ఒక పట్టికలో ఉన్నాయి. ఆ పట్టిక మారిస్తే పేర్లు మారతాయి. ఇంగ్లీషు, ఇటాలియన్, జర్మన్ వంటి భాషల పట్టికలు దానితోనే వస్తాయి. టర్కీ సంగీతంలో పూర్తిస్వరాన్ని తొమ్మిది భాగాలుగా చూసే పద్ధతికి కావలసిన పేర్లు, గుర్తులు కూడా అందులో చేరాయి. స, రి, గ, మ అని మన పట్టికను మనం రాసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం. మన షడ్జం గాయకుడి శ్రుతిని బట్టి మారుతుంది. అయిదు గీతల పద్ధతిలో ప్రతి స్థానానికీ నిర్దిష్టమైన శ్రుతి ఉంది. కాబట్టి ‘స’ను ఏ స్థానంలో నిలిపామో పుట మొదట్లోనే చెప్పి తీరాలి.

ఈ పద్ధతిలో అసలు లాభం ఇది: గుర్తు అర్థాన్ని ఒకచోట, ఆకారాన్ని మరొకచోట రాస్తాం. పాటలో ‘ఇక్కడ జారు’ అని మాత్రమే రాస్తాం. జారు అంటే ఎలాంటి గీత, ఎంత మందం, ఎటు వాలు అన్నది నిర్వచనంలో ఉంటుంది. వంద పాటలు రాసిన తరువాత ఆ గీత నచ్చకపోతే నిర్వచనం ఒక్కటి మార్చి మళ్ళీ అచ్చు తీస్తే వంద పాటల్లోనూ మారుతుంది. దీక్షితుల కాలంలో కొత్త ఆకారం అంటే మళ్ళీ పోత పని, మళ్ళీ కూర్పు పని. ఇప్పుడు అది కొన్ని పంక్తుల పాఠం. రాజు అండతో జరిగిన పని విద్యార్థి చేతికి అందింది.

5. మన పాటను దగ్గరి స్వరానికి నెట్టితే ఏమవుతుంది?

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. దీనికి నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. సుమారు ముప్పై ఏళ్ళ కిందట ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతరలో ఒక ప్రధాన్ పెద్దాయన కిక్రి వాయిస్తూ పాడగా విన్నాను. కిక్రి కమానుతో వాయించే మూడు తీగల వాద్యం. నాకు వచ్చిన స్వరజ్ఞానంతో ఆ పాటను సరిగమల్లో రాసుకున్నాను. మరుసటి రోజు ఒక మిత్రుడు నా కాగితం చూసి హార్మోనియం మీద వాయించాడు. పెద్దాయన ఓపికగా విని, “పాట మాదే, నడక మాది కాదు” అన్నారు.

తప్పు ఆయన పాటలో లేదు, మిత్రుడి వేళ్ళలోనూ లేదు, నా కాగితంలో ఉంది. రెండు స్వరాల మధ్య ఆయన కమాను జారిన చోట నేను రెండు స్వరాలు రాశాను. గాంధారానికి కాస్త కిందగా నిలిచిన స్వరాన్ని గాంధారమనే రాశాను. గుర్తు లేని ధ్వనిని దగ్గరలో ఉన్న గుర్తుకు నెట్టాను. ఒకసారి ఇలా రాసినది అచ్చయితే, రేపు బడిలో పిల్లలు అదే నేర్చుకుంటారు. అసలు నడక తెలిసిన పెద్దలు పోయిన తరువాత కాగితమే ప్రమాణమవుతుంది. గుర్తు లేకపోవడం వల్ల కలిగే నష్టం ఇదే.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. హంగరీ, రొమేనియా రైతుల పాటలను సేకరించిన బేలా బార్తోక్‌కు కూడా ఇదే ఎదురయింది. మామూలు స్వరం కంటే కొంచెం హెచ్చుగానో తగ్గుగానో పాడిన చోట ఆయన స్వరం మీద పైకి, కిందికి చూపే బాణపు గుర్తులు పెట్టాడు. పాట తప్పు అనుకోలేదు. గుర్తులు చాలలేదని అనుకున్నాడు. సేకర్తకు ఉండవలసిన వినయం ఇది.

6. డప్పుకు ఒక పట్టిక: అభ్యాస ఉదాహరణ

సొంత గుర్తు తయారీ ఎలా ఉంటుందో డప్పుతో చూద్దాం. డప్పు కళాకారుడి ఒక చేతిలో చిర్ర, రెండో చేతిలో సన్నని చిటికెన పుల్ల ఉంటాయి. రెండింటి ధ్వని వేరు. పాశ్చాత్య డ్రమ్ములకు లిలీపాండ్‌లో సిద్ధంగా ఉన్న గుర్తులను వాడితే చిర్ర దెబ్బ మరేదో వాద్యం పేరుతో అచ్చవుతుంది. దానికి బదులు మన పట్టికను మనం రాసుకోవచ్చు. ఆ పట్టికలో ప్రతి దెబ్బకూ నాలుగు వివరాలు ఇస్తాం:

• దెబ్బ పేరు: చిర్ర దెబ్బ, పుల్ల దెబ్బ, జంట దెబ్బ మొదలైనవి.
• స్వరశీర్షం ఆకారం: చిర్రకు నిండు గుండ్రం, పుల్లకు అడ్డదిడ్డ గీతల గుర్తు.
• అదనపు గుర్తు: చేతితో ధ్వనిని ఆపితే దానికొక చిన్న గుర్తు; లేకపోతే ఖాళీ.
• గీతకు సంబంధించి స్థానం: చిర్ర గీత కింద, పుల్ల గీత పైన.

ఇంతవరకూ సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉన్న ఆకారాలతోనే పని జరుగుతుంది. అవి చాలకపోతే మరో మెట్టు ఉంది. స్వరశీర్షాన్ని గీసే భాగాన్ని స్టెన్సిల్ అంటారు. దాన్ని తీసివేసి, దాని స్థానంలో మనం గీసిన గీతను గాని, తెలుగు అక్షరాన్ని గాని నిలపవచ్చు. ఒగ్గు డోలు దరువును కళాకారులు నోటితో చెప్పే పలుకులతోనే అచ్చు వేయాలంటే ఇదే మార్గం. తెలుగు అక్షరాల ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే ఏర్పాటు లిలీపాండ్‌లో ఉంది కాబట్టి సాహిత్యాన్ని స్వరాల కింద తెలుగులోనే రాయవచ్చు.

ఈ పట్టిక రాయడానికి ముందు చేయవలసిన పని కంప్యూటర్ దగ్గర ఉండదు. కళాకారుడి దగ్గర కూర్చుని, ఏ దెబ్బను ఏ దెబ్బ నుంచి వారు వేరు చేస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. మనకు ఒకటిగా వినిపించిన రెండు దెబ్బలకు వారి దగ్గర రెండు పేర్లు ఉండవచ్చు. అలాంటప్పుడు రెండు గుర్తులు కావాలి. కొలువులో, క్రతువులో మాత్రమే పాడే పాటలు కొన్ని ఉంటాయి. వాటిని రాయవచ్చునో కాదో నిర్ణయించే హక్కు ఆ సమాజానిదే.

7. గుర్తు ఒక్కటే చాలదు: గుంజాల నేర్పే పాఠం

కేస్లాపూర్‌లో రాసుకున్న ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. పెద్దాయన మాట విన్న తరువాత నేను కొన్ని సొంత గుర్తులు పెట్టి పాటను మళ్ళీ రాశాను. ఈ మధ్య తెరచి చూస్తే ఒక కొక్కెం గుర్తు పద్నాలుగు చోట్ల ఉంది. దాని అర్థం నాకే తెలియలేదు. గుర్తుల వివరణ ఎక్కడా రాయలేదు. పెద్దాయన ఇప్పుడు లేరు. గుర్తు చేసినవాడిని నేనే అయినా నా గుర్తును నేనే చదవలేకపోయాను.

లిపి విషయంలో ఇలాంటి ప్రమాదం నుంచి బయటపడిన ఊరు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో గోండి భాషకు చెందిన ప్రత్యేక లిపిలో రాసిన పత్రాలు దొరికాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. ఆ లిపిని చదవగల పెద్దలు ఊళ్ళో ఇంకా ఉండటం వల్ల ప్రతి అక్షరానికీ ధ్వని నిర్ణయించడం వీలయింది. 2018లో వచ్చిన యూనికోడ్ 11.0లో గుంజాల గోండి లిపికి స్థానం దొరికింది. యూనికోడ్ అంటే ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చే ప్రమాణం. ఆ సంఖ్య ఉంటే ఒక కంప్యూటర్‌లో రాసినది మరో కంప్యూటర్‌లో అదే అక్షరంగా తెరుచుకుంటుంది.

పాశ్చాత్య సంగీత గుర్తులకు 2001లో, వేద స్వర గుర్తుల ప్రత్యేక విభాగానికి 2009లో యూనికోడ్‌లో చోటు దక్కింది. సంగీత ఫాంట్లలోని వేలాది గుర్తులను ఒక క్రమంలో పెట్టడానికి 2013లో స్మూఫుల్ అనే మరో ప్రమాణం వచ్చింది. మీరు కొత్తగా చేసే డప్పు గుర్తుకు ఇలాంటి సంఖ్య ఇంకా ఉండదు. కాబట్టి ఆ లోటును మీరే పూడ్చాలి. అందుకు పాటించవలసిన నియమాలు ఇవి:

• గుర్తు నిర్వచనాన్ని పాట ఉన్న ఫైలులోనే, లేదా దానితో పాటే భద్రపరచండి.
• ప్రతి గుర్తు పక్కనా దాని పేరు, అర్థం, ఎవరి వాయిద్యం విని నిర్ణయించారో తెలుగులో రాయండి.
• సాఫ్ట్‌వేర్ ఏ రూపంతో రాశారో మొదటి పంక్తిలో చెప్పండి. లిలీపాండ్‌లో ఇందుకు ప్రత్యేక పంక్తి ఉంది. పాత ఫైళ్ళను కొత్త రూపానికి మార్చేటప్పుడు అదే ఆధారం.
• ధ్వని ముద్రణను కూడా జతచేయండి. గుర్తు చెప్పలేనిది చెవికి అందుతుంది.
• రాసినది కళాకారుడికి వినిపించి, ఆయన ఒప్పుకున్న తరువాతే ఇతరులకు ఇవ్వండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) గుర్తు అర్థాన్ని, ఆకారాన్ని వేరుచేయడం వల్ల కలిగే లాభం ఏమిటి?
(ఆ) గుంజాల లిపికి ధ్వనులు నిర్ణయించడం ఎందుకు సాధ్యమైంది?

8. సారాంశం

రాతి కాలంలో గుర్తు లిపి నుంచి అరువు వచ్చింది. సీసపు అచ్చు కాలంలో దాన్ని పోతపోయించగల సంస్థానానికి దక్కింది. పాఠ్యరూప సాఫ్ట్‌వేర్ వచ్చాక అది రాయగలిగిన ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. ఖర్చు తగ్గింది, బాధ్యత పెరిగింది. ఇకమీద మన పాటను దగ్గరి స్వరానికి నెట్టి, గుర్తు లేదు కాబట్టి అలా రాశామని చెప్పుకునే వీలు లేదు. వినవలసింది, అడగవలసింది, వివరించి రాయవలసింది మనమే. ఒగ్గు కథ, దండారి, కిక్రి పాట తెలిసిన పెద్దలు మీ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఈ పాఠంలోని అభ్యాసం మొదలుపెట్టవలసింది వారి దగ్గరే.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. స్వరలిపి గుర్తును తయారు చేసే అధికారం కాలక్రమంలో ఎలా చేతులు మారిందో ఉదాహరణలతో వివరించండి.
2. ‘గుర్తు లేని ధ్వనిని దగ్గరి గుర్తుకు నెట్టడం’ వల్ల జానపద, గిరిజన సంగీతానికి కలిగే నష్టాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లోని గమక గుర్తులు
2. సొంత గుర్తులు చేసేవారు పాటించవలసిన నియమాలు

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊరిలోని ఒక డప్పు లేదా డోలు కళాకారుడిని కలిసి, ఆయన వేరుచేసి చెప్పే దెబ్బల పేర్లను సేకరించి, 6వ భాగంలో చూపిన నాలుగు వివరాలతో ఒక పట్టిక తయారు చేయండి. పట్టికను ఆయనకు చదివి వినిపించి, ఆయన చెప్పిన సవరణలను విడిగా నమోదు చేయండి.